కారు వెనుక బంపర్‌కు గీతలు పడకుండా: నల్గొండ, పాలమూరు రోడ్ల మీద తిరిగే బండ్లకు సమగ్ర మార్గదర్శి

కారు కొన్న ఏడాదికి వెనుక బంపర్ పైఅంచు చూస్తే ఆ ఇంట్లో ఏం మోస్తారో చెప్పేయొచ్చు. బియ్యం బస్తాలు, బత్తాయి క్రేట్లు, పాల క్యాన్లు, పెండ్లి సూట్‌కేసులు అన్నీ ఆ నాలుగు వేళ్ల వెడల్పు అంచు మీదే ఆగి లోపలికి పోతాయి. మూలలు చూస్తే ఇంటి గేటు ఎంత ఇరుకో తెలుస్తుంది. అందుకే బంపర్ మొత్తానికి ఒకే మందు వేస్తే డబ్బు దండగ. ఎక్కడ గీరుకుంటోందో, ఎందుకు గీరుకుంటోందో తేల్చుకుని అక్కడికే ఖర్చు పెట్టాలి.

ముందు గీతల్ని చదవండి

బంపర్ కడిగి ఆరనివ్వండి. చీకటి పడ్డాక ఫోన్ టార్చ్‌ను బంపర్‌కు ఏటవాలుగా పట్టి నిదానంగా పక్కకు జరపండి. పగటి వెలుగులో కనపడని గీతలు కూడా బయటపడతాయి.

డిక్కీ కింద, బంపర్ పైఅంచు మీద బయటి నుంచి లోపలికి పోయిన గీతలు సామాను ఈడ్చినవి. మూలల మీద ఒకే ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉన్నవి గేటు దిమ్మె, గోడ, బైక్ ఫుట్‌రెస్ట్ లాంటివి రాసుకున్నవి. వెనుక చక్రం పక్కన బంపర్ మొదలయ్యే చోట చిన్న చిన్న చుక్కల్లా రంగు లేచిందంటే టైరు విసిరిన కంకర పని అది. ఇక ఏ దిక్కూ లేకుండా సాలెగూడులా అల్లుకున్న సన్న గీతలు పొడిబట్టతో దుమ్ము తుడిచిన ఫలితం. బంపర్ అడుగు భాగం ర్యాంపుకు గీరుకుని ఉంటే దాని గురించి బెంగ వద్దు, అది ఎవరికీ కనపడదు. క్లిప్పులు ఊడాయో లేదో మాత్రం చూసుకోండి.

ఒక్కో గీతకు అడ్డంగా గోరు ఆడించండి. గోరు తట్టుకోకపోతే గీత క్లియర్ కోట్‌లోనే, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరలోనే ఉంది. తట్టుకుంటే లోతుగా దిగింది. లోపల నల్లగానో బూడిద రంగుగానో కనిపిస్తే ప్లాస్టిక్ దాకా పోయినట్టే.

బంపర్ కవర్ ఎక్కువ కార్లలో పాలీప్రొపిలీన్ రకం ప్లాస్టిక్. దాని మీద ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ మూడూ కలిపి 100 మైక్రాన్ల అటూఇటూ, అంటే మిల్లీమీటరులో పదో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మన చెల్క నేలలేమో గ్రానైట్ రాయి శిథిలమై ఏర్పడినవి. ఆ ఎర్రమట్టిలో ఉండే క్వార్ట్జ్ రేణువుల గట్టిదనం మోహ్స్ కొలతలో 7, కిటికీ గాజుది సుమారు 5.5. గాజునే గీయగల రేణువు ముందు క్లియర్ కోట్ నిలవదు. బస్తా మెత్తనిదే, బట్ట మెత్తనిదే, వాటికీ బంపర్‌కీ నడుమ ఇరుక్కున్న ఇసుకే గీస్తుంది. కింద చెప్పే ప్రతి పనిలోనూ ఈ ఇసుకను నడుమ నుంచి తప్పించడమే అసలు లెక్క.

కడిగే తీరు

కారు నడుస్తుంటే వెనుక గాలి సుడి తిరిగి దుమ్మును లాక్కొచ్చి అక్కడే పేరుస్తుంది. అందుకే బండి అంతటిలో వెనుక భాగం ముందుగా మురికి పడుతుంది, డిక్కీ నిటారుగా ఉండే హ్యాచ్‌బ్యాక్‌లలో మరీ ఎక్కువ.

చెయ్యి పెట్టక ముందు రెండు మూడు నిమిషాలు నీళ్లు మాత్రమే కొట్టండి, పైనుంచి కిందికి. ప్రెషర్ గన్ అయితే 30 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి తేవద్దు. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. షాంపూ కొలత సీసా మీద రాసినంతే, ఎక్కువ వేస్తే మరకలే మిగులుతాయి. మైక్రోఫైబర్ గ్లవ్‌తో ఒక మూర మేర రుద్దగానే ఉత్త నీళ్లలో జాడించి, మళ్లీ షాంపూలో ముంచండి. బంపర్ కింది సగానికి వేరే బట్ట వాడండి, దాన్ని పైకి తేవద్దు. వాటర్ సర్వీసింగ్ షాపులో ఒకే స్పాంజితో టైరు తుడిచి అదే బంపర్ మీద పెడుతుంటే చూస్తూ ఊరుకోకండి. బట్ట మనం తీసుకెళ్లి ఇచ్చినా తప్పు లేదు.

బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలి. ఈ జిల్లాల్లో చాలాచోట్ల నీళ్లు గట్టివి, ఎండకు ఆరితే తెల్ల మచ్చలు పడతాయి. అవి ముదిరాక గట్టిగా రుద్దితే అదొక కొత్త గీతల తంటా. ఆఖరి కడుగుకు ఆర్వో ప్లాంట్ క్యాన్ నుంచి రెండు లీటర్లు చాలు, బంపర్ మీద నిదానంగా ధారగా పోసి వెంటనే ఒత్తి ఆరబెట్టండి. పడిన మచ్చలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, బట్టను తడిపి నిమిషం పాటు అంటించి ఉంచి కడిగేయండి. ఎండలో, వేడిగా ఉన్న బంపర్ మీద ఈ పని చేయవద్దు.

ఉన్న గీతలను కప్పేయకండి, ముందు తేల్చండి

రంగును కాపాడే పారదర్శక ఫిల్మ్ (పీపీఎఫ్) అంటించాక దాని కింద గీత అలాగే కనిపిస్తుంది, కొన్నిసార్లు ఇంకా కొట్టొచ్చినట్టు. గోటికి తట్టుకోని వాటికి సన్న రకం పాలిషింగ్ కాంపౌండ్ బఠానీ గింజంత ఫోమ్ ప్యాడ్ మీద తీసుకుని చేత్తో రుద్దితే చాలావరకు పోతాయి. మెషిన్ వాడితే స్పీడు తక్కువ పెట్టి, ఒకే చోట ఆపకుండా తిప్పాలి. ఇనుప డోరు వేడిని పక్కకు పంచుతుంది, ప్లాస్టిక్ పంచదు. వేడి అక్కడే నిలిచి క్షణాల్లో రంగు కాలుతుంది. బంపర్ అంచుల దగ్గర క్లియర్ కోట్ ఇంకా పలుచన, అక్కడ మెషిన్ పెట్టవద్దు.

ప్లాస్టిక్ దాకా పోయిన చోట టచప్ రంగు వేయాలి. కలర్ కోడ్ ఇంజిన్ గదిలో గానీ డోరు పక్క స్తంభం మీద గానీ ఉన్న ప్లేటు మీద ఉంటుంది. దొరక్కపోతే ఛాసిస్ నంబరు చెబితే షోరూమ్ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో చెబుతారు. బయటపడ్డ ప్లాస్టిక్ మీద నేరుగా రంగు వేస్తే నిలవదు, పొరగా లేచిపోతుంది. ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పలుచగా వేసి ఆరనివ్వాలి. డెంటింగ్ పెయింటింగ్ షాపులో మొత్తం బంపర్ కొట్టిస్తున్నా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ప్లాస్టిక్ ప్రైమర్ వేస్తున్నారా? కొత్తగా రంగు వేసిన బంపర్‌కు దాదాపు నెల రోజులు ఫిల్మ్ గానీ టేపు గానీ అంటించవద్దు. రంగులోని సాల్వెంట్ ఆవిరి బయటికి పోవాలి. తొందరపడితే బుడగలు వస్తాయి, తర్వాత ఫిల్మ్ పీకేటప్పుడు రంగూ ఊడి రావచ్చు.

పైఅంచు: ఫిల్మా, గార్డా?

సూట్‌కేసులు, కూరగాయల సంచులు, పిల్లల సైకిల్ దాకా అయితే పారదర్శక పీపీఎఫ్ పట్టీ చాలు. టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ రకం, 150 నుంచి 200 మైక్రాన్ల మందం తీసుకోండి. దానికి పడిన సన్న గీతలు ఎండ వేడికి వాటంతట అవే మూసుకుంటాయి. చౌకగా దొరికే పీవీసీ ఫిల్మ్ ఇక్కడి ఎండలకు తొందరగా పసుపు తిరుగుతుంది, తెల్ల కారు మీద అసహ్యంగా ఉంటుంది. పాల క్యాన్లు, ఇనుప సామాను, మోటారు పంపులు ఎత్తే ఇంట్లో ఫిల్మ్ ఒక్కటే ఆపలేదు. 40 లీటర్ల క్యాన్ నిండుగా ఉంటే 40 కిలోల పైమాటే, దాని అడుగు అంచు తగిలితే ఫిల్మ్ చిరిగిపోతుంది. అక్కడ అంచు మీద అంటించే గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ పలక, అంటే గార్డు కావాలి. స్టీలు గార్డు మెరుస్తుంది కానీ సొట్ట పడితే తిరిగి రాదు, అంచు లేచిందంటే చేతులు కోస్తుంది. రెంటిలో మా ఓటు ఏబీఎస్‌కే.

రెండూ కలిపి వేసుకోవడం ఇంకా మేలు: ముందు ఫిల్మ్, దాని మీద గార్డు. గార్డు కింద చేరిన ఇసుక ఫిల్మ్‌ను గీస్తుంది, రంగు బతుకుతుంది.

గార్డు కొనే ముందు సందు కొలవండి. చపాతీ పిండి ముద్ద చిన్నది పాలిథిన్ కవర్‌లో చుట్టి అంచు మీద పెట్టి డిక్కీ మామూలుగా వేయండి. తెరిచి చూస్తే ముద్ద ఎంత మందానికి నొక్కుకుందో అంతే సందు ఉన్నట్టు. మధ్యలో, రెండు చివరలా మూడు చోట్ల చూడండి. గార్డు మందం, టేపు మందం కలిపి దానికన్నా కనీసం 2 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. లేకపోతే డిక్కీ గట్టిగా కొట్టాల్సి వస్తుంది, కొన్నాళ్లకు లాక్ దెబ్బతింటుంది.

ఫిల్మ్ పట్టీ సొంతంగా అంటించుకునే పద్ధతి

కావలసినవి: ఫిల్మ్ ముక్క (చాలా హ్యాచ్‌బ్యాక్‌లకు 120 × 15 సెంటీమీటర్లు సరిపోతుంది, అయినా కొలుచుకోండి), పాత న్యూస్ పేపర్, మాస్కింగ్ టేపు, రెండు స్ప్రే సీసాలు, బేబీ షాంపూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని స్క్వీజీ (నీళ్లు తోసే రబ్బరు పలక), కత్తెర, హెయిర్ డ్రయర్.

1. న్యూస్ పేపర్‌ను అంచు మీద పరిచి టేపుతో ఆపి, ఆకారం పెన్సిల్‌తో గీయండి. బంపర్ అంచు కన్నా చుట్టూ 3 మిల్లీమీటర్లు లోపలికి కత్తిరించండి. అంచు దాటిన ఫిల్మ్ లేస్తుంది.

2. ఆ నమూనా ప్రకారం ఫిల్మ్‌ను కింద బల్ల మీదే కత్తిరించండి. మూలలు గుండ్రంగా ఉండాలి, మొనదేలిన మూల ముందుగా లేస్తుంది. బంపర్ మీద పెట్టి బ్లేడుతో కోయడం మాత్రం వద్దు, రంగు కూడా తెగుతుంది.

3. ఒక సీసాలో అర లీటరు ఆర్వో నీళ్లకు నాలుగైదు చుక్కల బేబీ షాంపూ. రెండో సీసాలో ఆల్కహాల్ 1 వంతు, నీళ్లు 5 వంతులు. బోరు నీళ్లు వాడితే ఫిల్మ్ కింద తెల్ల చుక్కలు శాశ్వతంగా మిగులుతాయి.

4. అంచును ఆల్కహాల్‌తో తుడవండి. వ్యాక్స్, పాలిష్ ఛాయ కూడా ఉండకూడదు. హ్యాండ్ శానిటైజర్ పనికిరాదు, చాలా రకాల్లో గ్లిజరిన్ ఉంటుంది, అది జిడ్డు పొర వదులుతుంది.

5. గాలి లేని చోట, నీడలో, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచండి. బంపర్‌నూ మీ వేళ్లనూ ఫిల్మ్ జిగురు వైపునూ షాంపూ నీళ్లతో బాగా తడపండి. తడి ఉన్నంతసేపూ ఫిల్మ్ జారుతుంది, సరిగ్గా కూర్చోబెట్టుకోవచ్చు.

6. మధ్యలో స్క్వీజీతో ఒక్కసారి ఒత్తి నిలపండి. అక్కడి నుంచి కుడికి, ఎడమకు, ప్రతి ఒత్తు ముందు ఒత్తు మీద సగం పడేలా నీళ్లు బయటికి తోయండి. చివరలు అంటుకోకపోతే అక్కడ రెండో సీసా ద్రవం కొట్టి నిమిషం ఆగి ఒత్తండి.

7. డ్రయర్‌ను 20 సెంటీమీటర్ల దూరంలో కదుపుతూ అంచులు వెచ్చబరిచి బొటనవేలితో నొక్కండి. చెయ్యి పెట్టలేనంత వేడి వద్దు.

చిన్న నీటి బుడగలు మిగిలితే పిన్నుతో గుచ్చకండి. కొన్ని వారాల్లో అవే పోతాయి. దుమ్ము రేణువు ఇరుక్కుంటే అది పోదు, అప్పుడే లేపి షాంపూ నీళ్లతో కడిగి మళ్లీ వేయాలి. రెండు రోజులు తడపవద్దు, ప్రెషర్ గన్ వారం తర్వాతే.

గార్డు అంటించేటప్పుడు

గార్డు ఊడిపోయిందనే వాళ్లను అడిగితే చాలాసార్లు ఒకటే కథ: మే నెల మధ్యాహ్నం, షాపు ముందు ఎండలో, పైపైన తుడిచి అంటించారు. గార్డు వెనుక ఉండే, త్రీఎం వీహెచ్‌బీ లాంటి రెండు వైపులా అంటుకునే అక్రిలిక్ ఫోమ్ టేపు అంటించేటప్పుడు ఉపరితలం 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటే బాగా పడుతుంది. ఎండలో నిలిపిన నల్ల బంపర్ 60 డిగ్రీలు దాటడం మామూలే. ఎండాకాలం తెల్లవారుజామున, చలికాలం పది పదకొండు గంటలకు ఈ పని పెట్టుకోండి.

ముందు టేపు కాగితం తీయకుండానే గార్డును కూర్చోబెట్టి, డిక్కీ వేసి చూసి, రెండు చివరలా మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టండి. ఆల్కహాల్ 7 వంతులు, నీళ్లు 3 వంతులు కలిపి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. కాగితాన్ని రెండు చివరల నుంచి వేలెడు మాత్రమే లేపి బయటికి మడవండి. గార్డు గుర్తులకు సరిగ్గా కూర్చున్నాక ఆ కొసలు లాగుతూ మిగతా కాగితం తీయండి. ఒకేసారి మొత్తం తీస్తే వంకరగా అంటుకుంటుంది, రెండోసారి ఆ టేపు పనికిరాదు. జానెడు జానెడు చొప్పున అరచేత్తో 15 సెకన్లు బలంగా నొక్కండి. ఈ టేపు ఇరవై నిమిషాల్లో సగం, ఒక రోజులో తొంభై శాతం, మూడు రోజులకు పూర్తి పట్టు సాధిస్తుంది. ఆ మూడు రోజులూ కడగవద్దు, సామాను మోపవద్దు.

రంగు వేయని గరుకు నల్ల ప్లాస్టిక్ బంపర్ అయితే మామూలుగా అంటించిన టేపు నిలవదు. పాలీప్రొపిలీన్ మీద జిగురు పట్టదు, టేపుకు తగిన ప్రైమర్ ముందు రాయాల్సిందే. స్క్రూలు దించుతామంటే ఒప్పుకోకండి.

మూలలు, చక్రం పక్క భాగం

మూలలకు అంటించే రబ్బరు, ఫోమ్ ముక్కల మీద మాకు పెద్దగా నమ్మకం లేదు. ఫోమ్ నీళ్లు పీల్చుకుని మురికిని పట్టి ఉంచుతుంది, అంచు కాస్త లేచాక బండి అదురుకు ఇసుక లోపల రాసి రాసి క్లియర్ కోట్‌ను మొద్దు చేస్తుంది. తీసి చూస్తే కాపాడిన చోటే పాడై ఉంటుంది. గట్టి రబ్బరు పట్టీ, చుట్టూ పూర్తిగా టేపు ఉన్నది, బైకుల మధ్య రోజూ నిలిపే బండికి పనికొస్తుంది, అంతే. మూల రెండు దిక్కులా వంగి ఉంటుంది కాబట్టి అక్కడ ఫిల్మ్ సాగదీసి వేయడం చేయి తిరిగిన వాళ్ల పని. పైఅంచు మీరు వేసుకుని, మూలలు మాత్రం షాపులో వేయించుకోండి.

కంకర చుక్కలు పడుతుంటే వెనుక చక్రాలకు మడ్ ఫ్లాపులు, వాటి వెనుక బంపర్ అంచుకు 10 సెంటీమీటర్ల వెడల్పు ఫిల్మ్. పల్లెలు, తండాల మట్టి రోడ్ల మీద తిరిగేవారికి ఇది తప్పనిసరి.

రంగు మీద పూసే సిరామిక్ కోటింగ్ మందం మైక్రాను, రెండు మైక్రాన్లే. మురికి తొందరగా పోతుంది, కడగడం తేలిక. బస్తా ఈడ్పునూ గోడనూ అది ఆపలేదు, ఆపుతుందని చెప్పి అమ్మితే నమ్మకండి.

సెన్సర్ల మీద ఏదీ పడకూడదు. 2019 జూలై 1 నుంచి తయారైన కార్లకు రివర్స్ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. ఫిల్మ్‌లో సెన్సర్ చుట్టూ 2 మిల్లీమీటర్లు వదిలి రంధ్రం చేయాలి. బంపర్‌కు మళ్లీ రంగు వేయిస్తే సెన్సర్లను ఊడదీయించండి. మందంగా రంగు పడితే ఊరికే మోగుతాయి, లేదా అసలు మోగవు. కొన్ని కార్లలో బంపర్ మూలల వెనుక రాడార్ ఉంటుంది, దాని ముందు లోహపు గార్డు, లోహపు మెరుపు ఉన్న స్టిక్కర్ పెట్టకూడదు.

ఇనుప పైపు గార్డు వద్దు

వెనుక ఇనుప గార్డు బిగిస్తే గీతల బాధ ఉండదనిపిస్తుంది. బంపర్ చేయాల్సింది నలిగి దెబ్బను మింగడం. ఆ గార్డు దెబ్బను నేరుగా ఛాసిస్‌కు పంపుతుంది, సెన్సర్లకు అడ్డు వస్తుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను అడ్డుకుంటుంది.

సామాను ఎత్తేటప్పుడు, బండి నిలిపేటప్పుడు

చాలామంది అంచు మీద గోనె సంచి పరుస్తారు. గోనె నిండా మట్టి ఉంటుంది, దాని మీద బస్తా ఈడిస్తే గరుకు కాగితం రుద్దినట్టే. దులిపి ఉతికిన పాత బొంత గానీ, 3 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ గానీ వాడండి. డిక్కీ లోపలి నుంచి బయటికి 60 సెంటీమీటర్లు వేలాడితే బంపర్ మొత్తం కప్పుతుంది. పని అయ్యాక మడిచేటప్పుడు సామాను తగిలిన ముఖం మురికి, బంపర్‌ను తాకే ముఖానికి అంటకుండా మడవండి. బస్తాను ఒక్కరే ఎత్తి అంచు మీద ఆన్చి తోయడం కన్నా, ఇద్దరు పట్టి లోపలికి దించడం నయం.

ఇంటి దగ్గర వీల్ స్టాపర్ (టైరును ఆపే దిమ్మె) పెట్టుకోండి. గోడకు బంపర్ 30 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా ఒకసారి జాగ్రత్తగా నిలిపి, వెనుక టైరు వెనుక భాగం నేలకు తగిలే చోట గీత గీసి, అక్కడే స్టాపర్ బిగించండి. దాని ఎత్తు బంపర్ కింది అంచు కన్నా బాగా తక్కువ ఉండాలి. గేటు దిమ్మెకు షాబాదు బండ తాపడం ఉంటే దాని పదును అంచు మీద బంపర్ ఎత్తులో రబ్బరు పట్టీ కొట్టించండి. పాత టైరును సగానికి కోసి బిగించినా అదే పని చేస్తుంది.

సెన్సర్లు ఉన్నాయని పూర్తిగా వదిలేయకండి. నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉంటాయి కాబట్టి పొట్టి బండరాయి, సగం విరిగిన రాతి కడీ, ముళ్ల తీగ లాంటివి వాటికి సరిగ్గా అందవు. చేన్ల పక్క, ఫంక్షన్ హాళ్ల వెనుక దిగి ఒకసారి చూసి రివర్స్ చేయండి. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరల్లాంటి చోట, వారం అంగడి దగ్గర, బండి వెనుక భాగాన్ని గోడకు రెండు జానల దూరంలో పెట్టి నిలపండి. మీటరు ఖాళీ వదిలితే అందులో బైకు దూరుతుంది. మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయేటప్పుడు డిక్కీ దగ్గర తినేవి తెరవకండి, కోతులు బంపర్ అంచు పట్టుకునే పైకెక్కుతాయి.

క్లెయిమ్ చేయాలా?

మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు, బంపర్ ఆ కోవలోకే వస్తుంది. 1500 సీసీ దాకా ఉన్న కారుకు మొదటి 1000 రూపాయలు, ఆపైన ఉంటే 2000 మీరే భరించాలి. ఆ ఏడాది క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది, అది మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 దాకా పెరిగేది. ఒక్క బంపర్ రంగు కోసం క్లెయిమ్ పెట్టే ముందు షాపు కొటేషన్, వచ్చే ఏడాది పోయే బోనస్ పక్కపక్కన రాసి చూడండి. తరుగు తీయని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉన్నా బోనస్ లెక్క మారదు, దానికి విడిగా రక్షణ తీసుకుంటే తప్ప.

నెలకోసారి చూడాల్సినవి

ఫిల్మ్ అంచు లేచిందా? లేచిన చోట మురికి చేరక ముందే కడిగి, వెచ్చబరిచి నొక్కండి. మురికి చేరి నల్లబడితే లేచినంత వరకు కత్తెరతో గుండ్రంగా కత్తిరించడమే దారి. గార్డు సందుల్లోకి నీళ్ల ధార కొట్టి ఇసుక బయటికి తోయండి. ఒక చివర ఊగుతుంటే వెంటనే తీసేయండి, సగం ఊడిన గార్డు కింద ఇసుక చేరి అసలు లేకపోవడం కన్నా ఎక్కువ పాడుచేస్తుంది.

ఫిల్మ్ పసుపు తిరిగినా, పగుళ్లు కనిపించినా ఇంకా ఉంచవద్దు. ముదిరిన ఫిల్మ్ ముక్కలు ముక్కలుగా వస్తుంది. డ్రయర్‌తో వెచ్చబరుస్తూ, ఉపరితలానికి దగ్గరగా వెనక్కి మడిచి నిదానంగా లాగండి, నిటారుగా పైకి గుంజితే రంగు లేస్తుంది. గార్డు టేపును సన్నని నైలాన్ దారంతో రంపంలా అటూఇటూ లాగి కోయండి. మిగిలిన జిగురును ఆల్కహాల్ తడిబట్ట కాసేపు పెట్టి నానబెట్టి వేలితో ఉండలుగా దొర్లించండి, బ్లేడు ముట్టవద్దు.